నాలుగు కేసులు.. ఏడాది శిక్షా? నాలుగేళ్లా?

లెక్క తేల్చేది తీర్పులోని ఒక్క వాక్యమే
చోరీ, వాహన కేసుల్లో అప్పీలుకు గడువు 30 రోజులు

గొలుగొండ: దొంగతనం కేసులో ఏడాది జైలు శిక్ష పడితే ఏడాది తిరిగేసరికి మనిషి ఇంటికి వస్తాడని కుటుంబ సభ్యులు లెక్క వేసుకుంటారు. అటువంటి కేసులు నాలుగు ఉండి, వేర్వేరుగా విచారణ జరిగి, ఒక్కొక్క దానిలో ఏడాది చొప్పున శిక్ష పడితే అతడు వచ్చేది ఏడాదికా, నాలుగేళ్లకా? తీర్పు చివర ‘ఈ శిక్షలు ఏకకాలంలో అమలు కావాలి’ అన్న ఒక్క వాక్యం ఉంటే ఏడాదికి. లేకుంటే నాలుగేళ్లకు. శిక్ష విన్న రోజున ఆ వాక్యం కోసం చూసేవారు తక్కువ. జైలు నుంచి విడుదల తేదీ తెలిసిన తరువాతే చాలా కుటుంబాలు న్యాయవాది వద్దకు పరుగెత్తుతాయి. అప్పటికి అప్పీలు గడువు దాటిపోతుంది.

ఈ ఒక్క వాక్యం విలువ ఎంతటిదో 2022 డిసెంబరు 16న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చెబుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్‌ జిల్లాకు చెందిన ఒక వ్యక్తిపై విద్యుత్తు శాఖ సామగ్రి చోరీకి సంబంధించి తొమ్మిది కేసులు నమోదయ్యాయి. నేరం అంగీకరించి శిక్ష తగ్గింపు కోరే ‘ప్లీ బార్గెయినింగ్‌’ విధానంలో అతడు తొమ్మిది కేసుల్లోనూ ఒప్పుకొన్నాడు. కోర్టు ఒక్కో కేసులో రెండేళ్ల సాధారణ జైలు, వెయ్యి రూపాయల జరిమానా విధించింది. ఏకకాలంలో అమలు చేయాలన్న ఆదేశం మాత్రం తీర్పుల్లో లేదు. దాంతో జైలు అధికారులు ఒకదాని వెనుక ఒకటి కలుపుకొంటూ పోయారు. రెండేళ్లు తొమ్మిది సార్లు.. పద్దెనిమిదేళ్లు. అలహాబాద్‌ హైకోర్టుకు వెళ్లినా ఊరట లభించలేదు. అప్పటికి మూడేళ్లు జైలులో గడిపిన ఆ వ్యక్తి సుప్రీంకోర్టును ఆశ్రయించగా, అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్‌ డి.వై.చంద్రచూడ్‌, జస్టిస్‌ పి.ఎస్‌.నరసింహలతో కూడిన ధర్మాసనం శిక్షలన్నీ ఏకకాలంలో అమలు కావాలని ఆదేశించింది. వ్యక్తి స్వేచ్ఛకు సంబంధించినంత వరకు ఏ కేసూ చిన్నది కాదని ఆ సందర్భంగా స్పష్టం చేసింది. కరెంటు సామగ్రి దొంగిలించినందుకు హత్యానేరానికి పడేంత కాలం జైలులో ఉండవలసి రావడం ధర్మాసనాన్ని కలవరపరచింది.

అంత పెద్ద కోర్టు వరకు వెళ్లగలిగిన స్తోమత, ఓపిక అందరికీ ఉండవు. ఆ వాక్యాన్ని కింది కోర్టులోనో, అప్పీలులోనో సకాలంలో అడిగి ఉంటే హాపూర్‌ కేసు ఢిల్లీ దాకా పోవలసిన పని లేదు.

స్టేషన్‌కు ఒక కేసు

నర్సీపట్నం ప్రాంతంలో ఇటువంటి పరిస్థితి ఎలా ఏర్పడుతుందో ఒక ఊహాజనిత ఉదాహరణతో చూస్తే సులభంగా అర్థమవుతుంది. గొలుగొండ మండలానికి చెందిన ఒక యువకుడు వాహనాల తనిఖీలో నంబరు ప్లేటు లేని మోటారు సైకిల్‌తో ఎదురుపడ్డాడనుకుందాం. ఆపకుండా పారిపోతూ రోడ్డు దాటుతున్న ఒక వ్యక్తిని ఢీకొట్టాడు. ఆ వ్యక్తి కాలు విరిగింది. పట్టుబడిన తరువాత విచారిస్తే గొలుగొండ, నర్సీపట్నం టౌన్‌, నాతవరం, మాకవరపాలెం స్టేషన్ల పరిధిలో నాలుగు మోటారు సైకిళ్లు పోయిన సంగతి బయటపడింది. అతడికి లైసెన్సు కూడా లేదు.

ఇక్కడ పోలీసులు నమోదు చేసేది ఒక్క కేసు కాదు. ఎక్కడి చోరీకి అక్కడే ఎఫ్‌ఐఆర్‌ ఉంటుంది. ఢీకొట్టిన ఘటనకు మరొకటి. 2024 జూలై 1 తరువాతి నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అంతకు ముందు జరిగిన నేరాలకు పాత భారతీయ శిక్షాస్మృతి సెక్షన్లే కొనసాగుతాయి. కొత్త చట్టం సెక్షన్‌ 303(2) ప్రకారం సాధారణ చోరీకి మూడేళ్ల వరకు జైలు. రెండోసారి శిక్ష పడితే ఏడాదికి తగ్గకుండా అయిదేళ్ల వరకు కఠిన కారాగారం. నివాస గృహంలో చోరీకి సెక్షన్‌ 305 కింద ఏడేళ్ల వరకు, రాత్రివేళ దొంగతనం కోసం ఇంట్లో చొరబడితే సెక్షన్‌ 331(4) కింద పద్నాలుగేళ్ల వరకు శిక్ష ఉంది. నిర్లక్ష్యంగా వాహనం నడిపితే సెక్షన్‌ 281 కింద ఆరు నెలలు, దానివల్ల ఎవరికైనా తీవ్ర గాయమైతే సెక్షన్‌ 125 కింద మూడేళ్ల వరకు. లైసెన్సు లేకపోవడం మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 181 కిందకు వస్తుంది. ఇవన్నీ గరిష్ఠ పరిమితులు మాత్రమే. కింది కోర్టులు విధించే శిక్ష సాధారణంగా ఇందులో కొంత భాగమే ఉంటుంది.

కొత్త చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. మొదటిసారి శిక్ష పడుతున్న వ్యక్తి దొంగిలించిన సొత్తు విలువ అయిదు వేల రూపాయల లోపు ఉండి, సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చేస్తే జైలుకు బదులు సమాజ సేవ విధించాలి. మన ఉదాహరణలోని మోటారు సైకిళ్లకు ఇది వర్తించదు గానీ, సెల్‌ఫోన్‌, మోటారు పైపు, కోళ్ల దొంగతనాల్లో పట్టుబడినవారికి ఉపయోగపడుతుంది. కింది కోర్టులో ఈ అంశం ఎవరూ ప్రస్తావించకపోతే అప్పీలులో లేవనెత్తవచ్చు.

ఒకే విచారణ అయితే ఒక లెక్క

ఒకే విచారణలో పలు నేరాలు రుజువైతే భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్‌ 25 వర్తిస్తుంది. పాత క్రిమినల్‌ ప్రొసీజర్‌ కోడ్‌లో ఇది 31వ సెక్షన్‌. పాత చట్టంలో కోర్టు మౌనంగా ఉంటే శిక్షలు ఒకదాని తరువాత ఒకటి అమలయ్యేవి. కొత్త సెక్షన్‌ నేర తీవ్రతను పరిశీలించి శిక్షలు ఏకకాలంలోనా, వరుసగానా అన్నది చెప్పే బాధ్యతను కోర్టుపైనే పెట్టింది. తీర్పులో ఆ మాట లేదంటే అదే ఒక అప్పీలు అంశం. మరో రక్షణ కూడా ఉంది. ఒకే విచారణలో విధించే మొత్తం శిక్ష, ఆ కోర్టు ఒక నేరానికి విధించగల గరిష్ఠ శిక్షకు రెట్టింపు దాటరాదు. మొదటి తరగతి మేజిస్ట్రేటు ఒక నేరానికి మూడేళ్లకు మించి విధించలేరు. కాబట్టి ఒకే విచారణలో ఎన్ని నేరాలు రుజువైనా ఆరేళ్లు దాటదు.

నాలుగు కేసులు నాలుగు విచారణలుగా నడిస్తే ఈ ఆరేళ్ల కట్టుబాటు లేదు. అప్పుడు సెక్షన్‌ 467, అంటే పాత 427, రంగంలోకి వస్తుంది. ఇప్పటికే ఒక శిక్ష అనుభవిస్తున్న వ్యక్తికి మరో కేసులో శిక్ష పడితే, మొదటిది పూర్తయిన తరువాతే రెండోది మొదలవుతుంది. ఏకకాలంలో నడవాలని కోర్టు ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప ఇదే నియమం. హాపూర్‌ వ్యక్తిని పద్దెనిమిదేళ్ల వరకు తీసుకుపోయింది ఈ సెక్షనే.

కేసులన్నిటినీ ఒకే విచారణలో కలపడానికి వీలుందా? ఒకే తరహా నేరాలు పన్నెండు నెలల వ్యవధిలో జరిగి ఉంటే కలిపి విచారించవచ్చు. పాత చట్టంలో మూడు వరకే అనుమతించేవారు. కొత్త చట్టం సెక్షన్‌ 242 దీనిని అయిదుకు పెంచింది. ఉదాహరణలోని నాలుగు మోటారు సైకిళ్లు ఏడాది లోపలివే అయితే ఈ సెక్షన్‌ పరిధిలోకి వస్తాయి. అయితే ఇది కోర్టు విచక్షణ. వేర్వేరు స్టేషన్లు వేర్వేరు సమయాల్లో అభియోగపత్రాలు దాఖలు చేస్తాయి. డిఫెన్సు న్యాయవాది ముందుగా మేల్కొని దరఖాస్తు పెట్టకపోతే కేసులు ఎవరి దారిన అవి పోతాయి. ఈ పని అప్పీలు దశలో చేయలేరు.

ఆలస్యంగా అడిగితే..

ఆంధ్రప్రదేశ్‌ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసు ఇందుకు గట్టి హెచ్చరిక. రెండు వేర్వేరు కేసుల్లో శిక్ష పడిన వ్యక్తి కింది కోర్టులో గానీ, హైకోర్టు అప్పీలులో గానీ శిక్షలు ఏకకాలంలో అమలు చేయాలని కోరలేదు. అన్నీ ముగిసిన తరువాత హైకోర్టుకున్న సహజసిద్ధ అధికారాల కింద వేరుగా పిటిషన్‌ వేశారు. హైకోర్టు తిరస్కరించింది. అడగవలసిన చోట అడగకుండా తరువాత ఈ దారిలో రావడం కుదరదని 2007లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. 2022 నాటి హాపూర్‌ తీర్పులో ఉదారత కనిపించినా, దానిని నమ్ముకుని గడువు వదులుకోవడం తెలివైన పని కాదు.

అడిగినంత మాత్రాన ఇస్తారని కూడా లేదు. ఒకే సంఘటనలో భాగంగా జరిగిన నేరాలకు శిక్షలు ఏకకాలంలో అమలు కావడం మంచి సంప్రదాయమని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. వేర్వేరు సంఘటనలైతే ఆ సూత్రం యాంత్రికంగా వర్తించదు. ఒకే రాత్రి ఒకే వీధిలో మూడిళ్లలో జరిగిన చోరీలను, మూడు నెలల వ్యవధిలో మూడు ఊళ్లలో జరిగిన చోరీలను కోర్టు ఒకే విధంగా చూడదు. వయసు, సొత్తు విలువ, సొత్తు తిరిగి దొరికిందా లేదా, ఇప్పటికే జైలులో గడిపిన కాలం, కుటుంబ ఆధారం, మొత్తం శిక్ష నేరానికి మించిపోతున్నదా అన్నవి అప్పీలు మెమోలో స్పష్టంగా రాయాలి. ‘దయతో తగ్గించండి’ అన్న ఒక్క ముక్కతో సరిపెట్టిన మెమోల వల్ల ప్రయోజనం స్వల్పం.

గంజాయి కేసు దీనితో కలిసి ఉంటే పరిస్థితి మరింత కఠినం. మన్యం నుంచి నర్సీపట్నం మీదుగా గంజాయి తరలింపునకు చోరీ వాహనాలు, నకిలీ నంబరు ప్లేట్లు వాడిన సందర్భాలు ఈ ప్రాంతానికి తెలియనివి కావు. 20 కిలోలకు మించిన గంజాయికి కనీస శిక్షే పదేళ్లు. దానిని అప్పీలు కోర్టు అంతకన్నా తగ్గించలేదు. రెండు వేర్వేరు మాదకద్రవ్యాల కేసుల్లో శిక్షలు ఏకకాలంలో అమలు చేయాలన్న విజ్ఞప్తిని సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో తోసిపుచ్చింది.

ముప్పై రోజుల్లో ఏం జరగాలి?

గొలుగొండ మండలం 2022 ఏప్రిల్‌ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, నర్సీపట్నం రెవెన్యూ డివిజన్‌లో ఉంది. మేజిస్ట్రేటు విధించిన శిక్షపై అప్పీలు సెషన్స్‌ కోర్టుకు వెళుతుంది. సెషన్స్‌ జడ్జి గానీ, ఆయన అప్పగించిన అదనపు సెషన్స్‌ జడ్జి గానీ వింటారు. ఒకప్పుడు, 1839 నాటి చట్టం అమలులో ఉన్న కాలంలో, విశాఖ, గంజాం జిల్లాల కొండ ప్రాంతాలకు మామూలు కోర్టుల పరిధే లేదు. గవర్నరు ఏజెంటే న్యాయం చెప్పేవారు. నేడు ఆ ఇబ్బంది లేదు గానీ, దూరం, ఖర్చు, తెలియనితనం అలాగే ఉన్నాయి.

సెషన్స్‌ కోర్టుకు అప్పీలు గడువు తీర్పు తేదీ నుంచి 30 రోజులు. సెషన్స్‌ కోర్టు విధించిన శిక్షపై హైకోర్టుకు వెళ్లాలంటే 60 రోజులు. తీర్పు నకలు కోసం దరఖాస్తు పెట్టి, అది చేతికి వచ్చే వరకు పట్టిన కాలాన్ని గడువులో నుంచి మినహాయిస్తారు. అందువల్ల నకలు దరఖాస్తు ఎంత త్వరగా పడితే అంత మంచిది. జైలు శిక్ష పడిన ముద్దాయికి తీర్పు ప్రతిని వెంటనే ఉచితంగా ఇవ్వాలని చట్టం చెబుతోంది. శిక్ష విన్న కంగారులో దానిని అడిగి తీసుకోనివారు చాలామంది. గడువు దాటితే తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించాలని కోరవచ్చు. అనారోగ్యం, జైలులో ఉండటం, న్యాయవాది లేకపోవడం వంటి కారణాలను కోర్టులు పరిశీలిస్తాయి.

నాలుగు తీర్పులుంటే నాలుగు అప్పీళ్లు వేయాలి. ఒకటి వేసి మిగిలినవి వదిలేస్తే, ఆ ఒక్క కేసులో గెలిచినా మిగిలిన శిక్షలు కదలవు. ప్రతి అప్పీలుకూ మిగిలిన కేసుల తీర్పు ప్రతులు జతచేసి, అన్నిటినీ ఒకే కోర్టులో కలిపి వినాలని కోరడం మేలు. మొత్తం శిక్ష ఎంత అవుతున్నదో జడ్జి కళ్లకు ఒకేసారి కనబడేది అప్పుడే.

జైలులో ఉన్న వ్యక్తి న్యాయవాది కోసం ఎదురుచూడనవసరం లేదు. అప్పీలు రాసి, తీర్పు ప్రతి జతచేసి జైలు అధికారికి అందజేస్తే చాలు. దానిని సంబంధిత కోర్టుకు పంపవలసిన బాధ్యత ఆ అధికారిదే. దీనినే జైలు అప్పీలు అంటారు. చదువు రానివారికి రాసిపెట్టడానికి జైళ్లలో న్యాయ సేవా కేంద్రాలు, పారాలీగల్‌ వాలంటీర్లు ఉన్నారు.

అప్పీలు వేయగానే శిక్ష ఆగిపోతుందని చాలామంది అపోహ పడుతుంటారు. శిక్ష నిలుపుదలకు వేరుగా దరఖాస్తు పెట్టాలి. విచారణ కాలంలో జామీనుపై ఉన్న ముద్దాయికి మూడేళ్లకు మించని శిక్ష పడితే, అప్పీలు వేసుకునేందుకు కావలసినంత కాలం శిక్ష విధించిన కోర్టే జామీను ఇవ్వాలి. ప్రత్యేక కారణాలు ఉంటేనే నిరాకరించవచ్చు. తీర్పు రోజునే పూచీకత్తుదారులను వెంట తీసుకువెళ్లమని న్యాయవాదులు చెప్పేది ఇందుకే. నాలుగు కేసుల్లో ఒక్క దానిలో నిలుపుదల రాకపోయినా మనిషి బయటకు రాలేడన్నది గుర్తుంచుకోవాలి.

రిమాండు రోజుల లెక్క

తీర్పుకు ముందు జైలులో గడిపిన కాలాన్ని శిక్షలో నుంచి మినహాయించాలి. కొత్త చట్టంలో ఇది సెక్షన్‌ 468. పలు కేసులున్నప్పుడు ఇందులో ఒక మెలిక ఉంది. ఏ కేసులో రిమాండుకు పంపారో ఆ కేసుకే ఆ రోజులు చెందుతాయి. గొలుగొండ కేసులో జైలుకు వెళ్లిన వ్యక్తిని నాతవరం కేసులో పీటీ వారంటుపై కోర్టులో హాజరుపరచకపోతే, జైలులో ఉన్న ఆరు నెలలూ నాతవరం కేసు లెక్కలోకి రావు. రెండు కేసుల్లోనూ రిమాండు నమోదై ఉంటే రెండింటిలోనూ మినహాయింపు పొందవచ్చని సుప్రీంకోర్టు 2001లో స్పష్టం చేసింది. జైలు రికార్డులో ప్రతి కేసుకు రిమాండు తేదీ ఏమని ఉందో కుటుంబ సభ్యులు తెలుసుకుని న్యాయవాదికి చెప్పాలి. నెలల తేడా ఇక్కడే వస్తుంది.

జరిమానా సంగతి వేరు. జరిమానా చెల్లించకపోతే విధించే అదనపు జైలు ఏకకాలంలో అమలు కాదు. నాలుగు కేసుల్లో జరిమానాలు కట్టకపోతే నాలుగు అదనపు శిక్షలూ ఒకదాని తరువాత ఒకటి అనుభవించాలి. అసలు శిక్షలు ఏకకాలంలో ముగిసినా, వెయ్యి రూపాయలు కట్టలేక నెలల తరబడి లోపల ఉండిపోయే నిరుపేదలు ఇందువల్లే కనిపిస్తారు. పెద్ద జరిమానా తగ్గించాలని, అదనపు శిక్ష కాలం కుదించాలని అప్పీలులో కోరవచ్చు. ఈ కోరికను మెమోలో చేర్చడం తరచుగా మరచిపోతుంటారు.

ఒప్పుకుంటే తేలికా?

‘ఒప్పుకుంటే చిన్న శిక్షతో పోతుంది’ అన్న సలహా కోర్టు ఆవరణల్లో తరచుగా వినిపిస్తుంది. ఒక్క కేసే ఉన్నవారికి అది నిజం కావచ్చు. నాలుగు కేసులున్నవారికి అది ప్రమాదకరం. మొదటి కేసులో నేరం ఒప్పుకుని శిక్ష పొందితే, తరువాతి చోరీకి పడే శిక్ష ‘రెండోసారి’ లెక్కలోకి వచ్చి కనీసం ఏడాది తప్పనిసరి కావచ్చు. మూడేళ్లు, అంతకు మించిన శిక్షార్హమైన ఆస్తి నేరాల్లో ఒకసారి శిక్ష పడినవారు మళ్లీ అటువంటి నేరమే చేస్తే సెక్షన్‌ 13 కింద పదేళ్ల వరకు, అంతకన్నా తీవ్రంగా కూడా శిక్ష పెంచే వీలుంది. పాత చట్టంలో 75వ సెక్షన్‌ ఇదే.

నేరం ఒప్పుకున్న తరువాత నిర్దోషినంటూ అప్పీలు వేయడానికి వీల్లేదు. మేజిస్ట్రేటు కోర్టులో ఒప్పుకున్నవారు శిక్ష ఎక్కువైందని గానీ, చట్టవిరుద్ధమని గానీ మాత్రమే అప్పీలు చేయగలరు. ప్లీ బార్గెయినింగ్‌లో వెలువడిన తీర్పుపై మామూలు అప్పీలు కూడా లేదు. చదవకుండా సంతకం పెట్టే ముందు నాలుగు కేసుల లెక్కా ఒకే కాగితంపై వేసుకుని చూడటం అవసరం.

న్యాయవాదులకు ఇక్కడొక ఇరకాటం ఉంది. శిక్షలు ఏకకాలంలో నడవాలని కోరాలంటే పాత శిక్షల గురించి కోర్టుకు చెప్పాలి. చెబితే పాత నేరస్థుడన్న ముద్ర పడుతుందేమోనన్న భయం. నేరం రుజువైందని ప్రకటించి, శిక్షపై ఏం చెప్పుకుంటావని మేజిస్ట్రేటు అడిగే సమయం ఇందుకు అనువైనది. అప్పటికి నేరం రుజువు విషయం తేలిపోయి ఉంటుంది గనుక నష్టం తక్కువ. ‘ఏమీ లేదండీ’ అని తలవంచుకుని నిలబడితే ఆ అవకాశం చేజారుతుంది.

వాహన కేసుల్లో కోర్టుల తీరు

చోరీ కేసుల్లో యువకులపై చూపే సానుభూతిని ప్రాణాలు తీసిన డ్రైవింగ్‌ కేసుల్లో పైకోర్టులు చూపడం లేదు. మొదటిసారి తప్పు చేసిన యువకులను మందలించో, సత్ప్రవర్తన పూచీపైనో విడిచిపెట్టడానికి 1958 నాటి ప్రొబేషన్‌ చట్టం వీలు కల్పిస్తుంది. అప్పీలు కోర్టు కూడా ఈ సదుపాయం ఇవ్వవచ్చు. 21 ఏళ్ల లోపు వారి విషయంలో జైలుకు పంపడానికి కోర్టు కారణాలు రాయాలి. అయితే నిర్లక్ష్యపు డ్రైవింగ్‌తో మరణాలు సంభవించిన కేసుల్లో ప్రొబేషన్‌ ఇవ్వరాదని 2000 సంవత్సరంలో హర్యానాకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. పంజాబ్‌లోని మరో కేసులో మృతుల కుటుంబానికి పరిహారం చెల్లించారన్న కారణంతో హైకోర్టు ఏడాది శిక్షను 24 రోజులకు తగ్గించగా, 2015లో సుప్రీంకోర్టు దానిని ఆరు నెలలకు పెంచింది. డబ్బు ఇచ్చి శిక్ష తప్పించుకునే ధోరణిని అంగీకరించలేమన్నది ఆ తీర్పు సారాంశం.

కొత్త చట్టంలో నిర్లక్ష్యంతో మరణానికి గరిష్ఠ శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. మద్యం తాగి నడిపితే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా పది వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు లేదా పదిహేను వేలు. లంబసింగి పర్యాటకుల రద్దీ ఉండే చలికాలంలో నర్సీపట్నం - చింతపల్లి ఘాట్‌ మార్గంలో ప్రయాణించేవారు ఈ అంకెలు గుర్తుపెట్టుకోవాలి. లైసెన్సు రద్దు చేస్తూ కోర్టు ఇచ్చిన ఉత్తర్వును కూడా అప్పీలులో సవాలు చేయవచ్చు. ఆటో, లారీ నడిపి బతికేవారికి జైలు కన్నా ఇదే పెద్ద దెబ్బ. మొదటి తరగతి మేజిస్ట్రేటు వేసిన వంద రూపాయలకు మించని జరిమానాలపైన, సంక్షిప్త విచారణలో వేసిన 200 రూపాయలకు మించని జరిమానాలపైన మాత్రం అప్పీలు లేదు.

పెరుగుతుందన్న భయం

అప్పీలు వేస్తే ఉన్న శిక్ష పెరుగుతుందేమోనని కొందరు వెనకాడతారు. ముద్దాయి వేసిన అప్పీలులో శిక్షను పెంచరాదని చట్టమే చెబుతోంది. 2025లో తమిళనాడుకు చెందిన కేసులో సుప్రీంకోర్టు దీనిని మరోసారి స్పష్టం చేసింది. పెంచాలంటే ప్రభుత్వం వేరుగా అప్పీలు వేయాలి. అలా వేస్తే పెరగవచ్చు. 2006లో ముంబయి కార్టర్‌ రోడ్డుపై పేవ్‌మెంట్‌ మీద నిద్రిస్తున్న ఏడుగురు కూలీల ప్రాణాలు తీసిన కారు కేసులో కింది కోర్టు ఆరు నెలల శిక్షతో సరిపెట్టింది. ప్రభుత్వం పైకోర్టుకు వెళ్లగా అది మూడేళ్లయింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దానినే ఖరారు చేసింది.

సొత్తు పోగొట్టుకున్నవారికి, ప్రమాదంలో గాయపడినవారికి కూడా కొన్ని హక్కులున్నాయి. నిందితుడిని వదిలేసినా, తక్కువ నేరం కిందకు మార్చినా, పరిహారం చాలకపోయినా బాధితులు నేరుగా అప్పీలు చేయవచ్చు. 2009 చివరలో అమలులోకి వచ్చిన సవరణతో ఈ హక్కు లభించింది. శిక్ష చాలదన్న ఒక్క కారణంపై మాత్రం ప్రభుత్వమే వెళ్లాలి. బాధితులు పబ్లిక్‌ ప్రాసిక్యూటర్‌కు అర్జీ ఇవ్వవచ్చు. సాధారణ చోరీ కేసులో సొత్తు యజమాని రాజీకి అంగీకరిస్తే, అప్పీలు దశలో ఉన్నా ఆ కోర్టు అనుమతితో కేసు ముగించుకోవచ్చు. పాత శిక్ష కారణంగా పెంచిన శిక్షకు అర్హుడైన ముద్దాయికి ఈ సౌకర్యం లేదు.

దొరికిన వాహనం సంగతి కూడా బాధితులు తెలుసుకోవాలి. తీర్పులో సొత్తు యజమానికి ఇవ్వాలని ఉన్నా, రెండు నెలల వరకు, అప్పీలు పడితే అది తేలే వరకు ఆ ఉత్తర్వు అమలు కాదు. బాండు రాసి ఇచ్చి తెచ్చుకోవచ్చు. పశువులకు మాత్రం ఈ నిరీక్షణ లేదు. మేకలో, ఆవులో పోయి దొరికినవారు అప్పీలు తేలే దాకా స్టేషన్‌ చుట్టూ తిరగనవసరం లేదు.

అప్పీలులోనూ న్యాయం జరగలేదని భావిస్తే అమరావతిలోని హైకోర్టులో 90 రోజుల్లోగా రివిజన్‌ పిటిషన్‌ వేయవచ్చు. అక్కడ సాక్ష్యాలను మళ్లీ మొదటి నుంచి తూచరు. కింది కోర్టుల తీర్పులో చట్టపరమైన లోపం ఉందా అన్నదే ప్రధానంగా చూస్తారు. శిక్షలు ఏకకాలంలో అమలు కావాలన్న అభ్యర్థనకు ఇక్కడా తలుపు తెరిచే ఉంటుంది. జైలులో ఉన్నవారు, ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ దశల్లో ఉచిత న్యాయవాదిని పొందవచ్చు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో తెల్లకాగితంపై దరఖాస్తు ఇవ్వాలి. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ సహాయ నంబరు 15100కు ఫోన్‌ చేసి కూడా వివరాలు తెలుసుకోవచ్చు. దరఖాస్తుతో పాటు అన్ని కేసుల నంబర్లు, తీర్పు తేదీలు, ఒక్కో కేసులో రిమాండు మొదలైన తేదీ రాసి ఇస్తే పని త్వరగా జరుగుతుంది.